ఉలవ మీద బ్రేకు

ఇమాంసాబ్ బస్సు ఆపే తీరు చూసి మేము నవ్వుకునేవాళ్ళం. పెళ్ళికూతుర్ని పల్లకీలోంచి దింపినట్టు దింపుతాడని కదిరి బస్టాండులో ఆయనకు పేరు. ఒకసారి బానెట్ మీద నిండా నీళ్ళున్న చెంబు పెట్టుకుని కదిరి నుంచి నల్లమాడ దాకా వచ్చి, చెంబు చుట్టూ తడి లేదని చూపించి పందెం గెలిచాడు. ఓడింది నేనే. నా పేరు గంగాధరప్ప. ఆ ప్రైవేటు బస్సులో ఆయన డ్రైవరు, నేను కండక్టరు. పద్దెనిమిదేళ్ళు కలిసి తిరిగాం. ఇప్పటికీ అదే బస్సు, అదే రూటు, అదే విజిల్. డ్రైవరు మాత్రం మారాడు.

ఆయన్ని పొగడడానికి కూర్చోలేదు నేను. పొగడాల్సిన చోట నోరు మూసుకున్నవాణ్ణి, ఇప్పుడు కాగితం మీద పొగిడితే ఎవరికేం ఒరుగుతుంది? జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివి నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి.

ఇమాంసాబ్ వాళ్ళ నాయన కదిరిలో జట్కా తోలేవాడు. ఆ గుర్రం గురించి ఇమాంసాబ్ వందసార్లు చెప్పి ఉంటాడు. "మా నాయన కళ్ళెం లాగింది తక్కువప్పా. ఆసుపత్రి కాడ అదే ఆగేది, మార్కెట్టు కాడ అదే ఆగేది. పేకాట ఆడే సత్రం కాడ మాత్రం మా నాయన ఎంత లాగినా ఆగేది కాదు. మా అమ్మ దానికి గడ్డి ఏస్తా ఏం నేర్పిందో ఏమో!" అని చెప్పి, తానే ముందు నవ్వేవాడు. జట్కాలు పోయాక ఆయన లారీ క్లీనరయ్యాడు. చిలమత్తూరు మీదుగా బెంగళూరుకు చింతపండు బస్తాలు తోలే లారీ అది. ఆ తర్వాత ఆదెన్న అనే ముసలి డ్రైవరు చేతికింద బస్సు నేర్చుకున్నాడు. ఈ కథలో ఆదెన్న సంగతి ముఖ్యం. అంతకంటే ముందు ఉలవల సంగతి చెప్పాలి.

మా వైపు వాన జూన్లో ఆశపెట్టి ఆగస్టులో ముఖం చాటేస్తుంది. శనక్కాయ నిలువునా ఎండిపోతుంది. సెప్టెంబరు ఆఖర్లో ఎప్పుడో నాలుగు చినుకులు పడితే, భూమిని బీడు పెట్టడమెందుకని ఉలవ చల్లుతారు. జనవరికి ఆ చెట్లు పీకి, ఎండబెట్టి, గింజ రాల్చాలి. ఎద్దులున్న రోజుల్లో కళ్ళంలో తొక్కించేవాళ్ళు. ఎద్దులు కబేళాకు పోయాయి, కళ్ళాలు ముళ్ళకంపల పాలయ్యాయి. మిగిలింది తారు రోడ్డు. పొద్దున్నే చెట్లు తెచ్చి రోడ్డుకు అడ్డంగా మోకాటి మందాన పరుస్తారు. వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కుతుంటే కాయ పగిలి గింజ రాలుతుంది. మధ్యమధ్యలో ఆడవాళ్ళు చెట్లు తిరగేస్తారు, కింద రాలిన గింజ చీపురుతో ఊడ్చుకుంటారు. రోడ్డు మీద పంట ఆరబోయరాదని అధికారులు బోర్డు పెట్టారు. ఆ బోర్డుకే ఉలవ కట్టలు ఆనించి పెట్టుకుంటారు మావాళ్ళు.

చూసేవాళ్ళకు అది గడ్డే. డ్రైవరుకు అది గండం. ఎండిన చెట్లు, వాటి కింద నున్నటి గింజ. దాని మీద బ్రేకు తొక్కితే చక్రం నిలబడుతుంది కానీ బండి నిలబడదు. మోటారు సైకిళ్ళ వాళ్ళు ఏటా పడుతూనే ఉంటారు.

ఇమాంసాబ్ బస్సెక్కిన మొదటి ఏడాది, గొర్రె అడ్డం వచ్చిందని ఉలవ మీద బ్రేకు తొక్కాడు. బస్సు అడ్డం తిరిగి రోడ్డు పక్క గుంతలో పడింది. పన్నెండు మందికి దెబ్బలు, ఒకామెకు చెయ్యి విరిగింది. వెనక బస్సులో వచ్చిన ఆదెన్న గుంతలోకి దిగి, జనమంతా చూస్తుండగా ఇమాంసాబ్ చెంప పగలగొట్టాడు.

"ఉలవ ఎక్కినాక నీ కాలు నీది కాదు. తగ్గించేది ఉంటే ఎక్కకముందే తగ్గించు. ఎక్కినాక గొర్రె కాదు, మీ నాయన అడ్డమొచ్చినా బ్రేకు మీద కాలు పెట్టొద్దు. యాభై మంది పానాలు నీ ఎనక ఉంటాయి."

అంతటితో వదల్లేదు. ఆ సీజనంతా బానెట్ మీద కూర్చుని, చేతిలో చింతబరికె పట్టుకుని వచ్చాడు. బస్సు ఉలవ మీద ఉండగా ఇమాంసాబ్ కాలు బ్రేకు వైపు కదిలితే పిక్క మీద ఒక్కటి వేసేవాడు. మొదటి వారం పిక్క వాచిపోయింది. నెల తిరిగేసరికి కాలు కదలడం మానేసింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు, ఏటా రెండు నెలలు, రోజుకు ఆరు ట్రిప్పులు. ఎన్నిసార్లు ఉలవ ఎక్కి దిగి ఉంటాడో మీరే లెక్క వేసుకోండి. ఒక్కసారి కూడా ఉలవ మీద బ్రేకు తొక్కలేదు, బస్సు ఒక్కసారి కూడా జారలేదు. అది ఆయన గొప్ప, అదే ఆయన్ని ముంచింది.

రైతులకు ఇమాంసాబ్ బస్సంటే ఇష్టం. ఎక్కకముందే వేగం తగ్గించి, మెత్తగా, నిదానంగా, అంతటా తొక్కిస్తూ పోతాడు. గుట్టకిందపల్లి మలుపులో హనుమంతమ్మ అని ఒకామె ఏటా ఉలవ పరిచేది. మొగుడు పోయాడు, రెండెకరాల మెట్ట, కోడలు ఆంజినమ్మ తోడు. హనుమంతమ్మ నోరు పెద్దది. బస్సు కనిపించగానే రోడ్డు పక్క నిలబడి అరిచేది.

"ఏమప్పా ఇమాంసాబూ, పొద్దున అంతా ఎడమ పక్కకే పోతివి! కుడి పక్క గింజ అట్లే ఉండాది, కండ్లు కనపడవా?"

"వచ్చే ట్రిప్పుకు కుడి పక్క పోతాలే అక్కా, ఊరికే గొంతు చించుకోవాకు!" అని ఈయన అరిచేవాడు. వచ్చే ట్రిప్పుకు నిజంగానే కుడి పక్కకు పోయేవాడు. సీజను అయ్యాక ఆమె ఒక సంచి ఉలవలు మూటగట్టి బస్సు ఎక్కించేది. ఇమాంసాబ్ భార్య రంజాన్ బీ ఆ ఉలవలతో చారు కాస్తే వాళ్ళ వీధి వీధంతా గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. నేనూ తాగాను, చాలాసార్లు.

2020 జనవరి. పొద్దున పదకొండు గంటలు. బస్సులో పద్నాలుగు మంది. టికెట్లు కొట్టడం అయిపోయి, నేను ముందుకొచ్చి బానెట్ దగ్గర నిలబడ్డాను. పరిచిన ఉలవ దాటిన వెంటనే గుట్టకిందపల్లి స్టాపు. అందుకని విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఒక విజిల్ వేస్తే ఆపాలి, రెండు వేస్తే పోవాలి. ఇమాంసాబ్ ఎప్పటిలాగే ముందే వేగం తగ్గించి ఉలవ ఎక్కాడు.

రోడ్డు మధ్యలో తిరగేసిన చెట్ల కుప్ప ఒకటి ఉంది. దాని వెనక హనుమంతమ్మ గొంతుక్కూర్చుని గింజ ఊడుస్తోంది. మట్టి రంగు చీర, కుప్ప రంగు కూడా అదే. బస్సు చప్పుడుకు లేచింది. పక్కకు అడుగు వేయబోయి, కాళ్ళకు చెట్లు చుట్టుకుని బస్సుకు ఎదురుగా పడింది. పది బారల దూరం ఉంటుంది. తలెత్తి చూసింది. నేను చూశాను, ఇమాంసాబ్ చూశాడు.

ఆయన కాలు యాక్సిలేటరు మీంచి లేచింది. బ్రేకు మీదికి వచ్చింది. బ్రేకుకు రెండు వేళ్ళ ఎత్తులో నిలబడిపోయింది. ఇది నేను నా రెండు కళ్ళతో చూశాను. పిక్క గట్టిగా బిగిసింది, కాలు మాత్రం కిందికి దిగడం లేదు. ఆయన నోరు తెరిచి ఉంది. స్టీరింగు ఎడమకు లాగాడు. ముందు చక్రం ఆమెను తప్పించింది. వెనక చక్రం తప్పించలేదు. అప్పుడు పడింది కాలు బ్రేకు మీద.

ఇక నా సంగతి. విజిల్ నా పెదాల మధ్య ఉంది. బుగ్గల నిండా గాలి ఉంది. ఆ గాలి విజిల్లోకి పోలేదు. బస్సు ఉలవ మీద ఉండగా ఆపమని విజిల్ వేయకూడదు. వేస్తే డ్రైవరు బెదిరి బ్రేకు తొక్కుతాడు. నేను కొత్తగా చేరినప్పుడు ఆ మాట నాకు నేర్పింది ఇమాంసాబే.

హనుమంతమ్మ బతికింది. కుడి కాలు మోకాలి దాకా తీసేశారు.

బస్సును తనిఖీ చేసిన ఇనస్పెక్టరు బ్రేకులు బాగున్నాయని రాశాడు. బ్రేకు మచ్చ ఆమె పడిన చోటు దాటాక మొదలైందని కొలిచి రాశారు. నిర్లక్ష్యంగా నడిపాడని కేసు. మా ఓనరు ఒక లాయర్ని పెట్టాడు. ఇమాంసాబ్‌తో పాటు నేనూ పోయాను ఆ లాయరు దగ్గరికి.

"ఆమె కనపడలేదని చెప్పు," అన్నాడు లాయరు.

"కనపడింది సార్."

"సరే, కనపడగానే బ్రేకు తొక్కినానని చెప్పు."

"తొక్కలేదు సార్. తొక్కబోయినా. కాలు బ్రేకు మీదికి పోయింది, నడిమధ్యలో నిలబడిపోయింది."

లాయరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీ కాలు నీ మాట వినలేదని జడ్జి ముందర చెబుతావా? నవ్వుతారప్పా."

నవ్వినా ఇమాంసాబ్‌కు పట్టేది కాదు. కేసు ఆయన్ని అంతగా బాధపెట్టలేదు. హనుమంతమ్మ మాట బాధపెట్టింది. ఆసుపత్రిలో మంచం మీద పడుకుని, చూడవచ్చిన ప్రతివాడికీ ఆమె ఒకటే మాట చెప్పింది. "నన్ను చూసినాడు. కండ్లలో కండ్లు పెట్టి చూసినాడు. చూసి కూడా ఆపకుండా వచ్చినాడు. ఇన్నేండ్లు నా చేతి ఉలవలు తిన్నోడు." ఇమాంసాబ్ రంజాన్ బీని తీసుకుని ఆసుపత్రికి పోతే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆంజినమ్మ వాళ్ళను బయటికి పొమ్మంది. ఆమెకు కోపం రాకుండా ఎట్లా ఉంటుంది? ఆమె చూసింది ఆమె చెప్పింది. ఆయన మొహం కనిపించింది గానీ ఆయన కాలు ఆమెకు కనిపించలేదు.

ఆ రోజు నుంచి ఇమాంసాబ్‌కు ఒక్కటే కోరిక. తన కాలు బ్రేకు కోసం పోయిందని హనుమంతమ్మ నమ్మాలి. శిక్ష పడితే పడనీ, లైసెన్సు పోతే పోనీ. ఆమె మాత్రం నమ్మాలి. నమ్మాలంటే చూసినవాడు ఇంకొకడు చెప్పాలి.

ఒకరోజు పొద్దున బస్టాండు దగ్గర టీ తాగుతూ అడిగాడు.

"గంగాధరా, నువ్వు ఆ పొద్దు బానెట్ కాడ నా పక్కనే ఉన్నట్టు నాకు తోస్తాండాది. నా కాలు చూసినావా?"

మా ఓనరు అంతకుముందు రోజే నన్ను పిలిచి చెప్పాడు. ముందు నిలబడి చూశానని చెబితే, చూసి విజిల్ ఎందుకు వేయలేదని అడుగుతారు, అప్పుడు నేనూ ముద్దాయినే అని. నా కూతురు శశి అప్పుడు అనంతపురంలో సైకాలజీ చదువుతోంది. ఇవన్నీ నాకు సాకులుగా పనికొచ్చాయి.

"లేదన్నా. నేను ఎనక సీట్ల కాడ ఉన్నా, ముసలామెకు చిల్లర ఇస్తా," అన్నాను.

ఆయన గ్లాసులోకి చూశాడు. "అట్లనా. నువ్వు ఉన్నట్టే ఉండె. ఏమోలే, నాకు అట్ల తోచిందేమో," అన్నాడు. అబద్ధం చెప్పింది నేను, అనుమానం పెట్టుకుంది తన మీద ఆయన. ఆ టీ నేను పూర్తిగా తాగాను కూడా.

ఆ తర్వాత కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. శశి ఇంటికొచ్చింది. ఇమాంసాబ్ మా ఇంటికి వచ్చి కూర్చున్నప్పుడల్లా ఇదే మాట తీసేవాడు. శశి ఒకరోజు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

"పెదనాయనా, మెదడులో రెండు ఆర్డర్లు పరుగెత్తుతాయి. ఒకటి చెయ్యమని, ఇంకోటి ఆగమని. ఏది ముందు చేరితే దానిదే గెలుపు. ఆగమనేది ఆలస్యమైతే చెయ్యి అప్పటికే పోయింటాది. తొందరగా చేరితే చెయ్యి సగంలో నిలబడిపోతాది. అంతా సెకన్లో నాలుగో వంతులో అయిపోతాది, మనం అనుకునేలోపల. నీ కాలికి తొక్కమని ఆర్డరు పోయింది. దాని ఎనకాలే ఆదెన్న ఆర్డరు పోయి పట్టుకునింది."

"ఆదెన్న సచ్చిపోయి పదేండ్లు కదమ్మా," అన్నాడు ఇమాంసాబ్.

"ఆర్డరు సావలేదు కదా పెదనాయనా."

వాళ్ళ కాలేజీలో ఆడించే ఆట ఒకటి ఫోన్లో పెట్టింది. తెర మీద బాణం గుర్తు వస్తుంది. రాగానే నొక్కాలి. అప్పుడప్పుడు బాణం వచ్చిన వెంటనే ఎర్ర గడి వెలుగుతుంది. అది వెలిగితే నొక్కబోయిన వేలు ఆపేసుకోవాలి. నేను ఆడాను. పదిసార్లు ఎర్ర గడి వస్తే ఏడుసార్లు నొక్కేశాను. ఇమాంసాబ్ రెండే రెండు సార్లు నొక్కాడు. యాభై ఆరేళ్ళ మనిషి, జీవితంలో ఫోన్లో ఆట ఆడనివాడు. శశి కళ్ళు పెద్దవి చేసింది.

"మా క్లాసులో కూడా ఎవురూ ఇట్ల ఆపలేదు. నీ వేలికి బ్రేకు భలే ఉండాది పెదనాయనా!"

ఆయన ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "ఈడ ఏముందమ్మా? ఆగితే ఆగింది, లేకుంటే లేదు. ఎవరి కాలూ పోదు. ఉలవ యాడుంది ఈడ? బరికె యాడుంది? నన్ను చూస్తాండే మనిషి యాడుంది?"

శశి ఫోను పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా, మా సార్లు కూడా ఇదే అంటారు, గదిలో కూర్చుని మీట నొక్కేవాడు వేరు, రోడ్డు మీద భయంలో ఉన్నవాడు వేరు, దాని గురించి తెలిసింది తక్కువ అంది. ఆమె ఊరుకోకుండా లాయరుకు ఫోను చేసి, తన టీచరమ్మను కోర్టుకు పిలిపిస్తే ఇదంతా చెబుతుందని అడిగింది. లాయరు ఆ మాట తీసిపారేయలేదు. "చెప్పించొచ్చమ్మా. ముందు ఆ కాలు ఆగడం చూసినవాణ్ణి ఒకణ్ణి చూపించు," అన్నాడు.

ఫోను పెట్టేసి శశి నావైపు తిరిగింది.

"నువ్వు యాడ ఉంటివి నాయనా?"

"ఎనక," అన్నాను. రెండోసారి చెప్పడం సులువుగానే ఉంది.

ఆ రోజుల్లోనే ఒకసారి రంజాన్ బీ వీధిలో కనపడి చెప్పింది. "పీట మీద కూసోని అన్నం తింటా కూడా కాలు తొక్కుతాండాడన్నా. నేల మీద ఎట్ల తొక్కుతాడంటే, అన్నం తట్ట ఎగిరిపడతాది. ఎవురూ లేనప్పుడు బాగా దిగుతాది కాలు, అంటాడు." డాక్టరుకు చూపించమని సలహా ఇచ్చి వచ్చాను. సలహాలిచ్చే మొహం నాది.

కేసు 2023లో విచారణకు వచ్చింది. హనుమంతమ్మ చంకకర్ర సాయంతో బోనెక్కింది. ఆసుపత్రిలో చెప్పిన మాటే చెప్పింది, ఒక్క అక్షరం తేడా లేదు. చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేసింది. ఆ తర్వాత నన్ను పిలిచారు.

ఒక మాట చెప్పాలి, నమ్మితే నమ్మండి. బోను ఎక్కేదాకా నిజం చెప్పాలనే ఉంది నాకు. ముందు రోజు పొలం గట్టున నడుస్తూ బయటికే అని చూసుకున్నాను కూడా. బానెట్ దగ్గర ఉన్నాను సార్, కాలు చూశాను సార్, నా విజిల్ కూడా ఆగిపోయింది సార్ అని. నా విజిల్ మాట చెబితే ఆయన కాలి మాట నమ్ముతారని నాకు బాగా తెలుసు. ఒకే చోట, ఒకే క్షణంలో ఇద్దరికి అట్లా అయిందంటే ఎవరైనా ఆలోచిస్తారు.

"ఆ సమయంలో మీరు ఎక్కడ ఉన్నారు?" అని అడిగారు.

మాట నాలుక మీదికి వచ్చింది. పెదాలు కూడా కదిలాయి. ఓనరు మూడో బెంచీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు.

"వెనక సీట్ల దగ్గర సార్. టికెట్లు కొడుతున్నాను. చూడలేదు."

రోడ్డు మీద నా విజిల్ ఆగింది నా చేతిలో లేని పని. దానికి ఆదెన్నను అనుకోవచ్చు, ఇరవై ఏళ్ళ అలవాటును అనుకోవచ్చు. బోనులో ఆగిన మాటకు ఎవర్నీ అనుకోవడానికి లేదు. ఆలోచించుకోవడానికి నాకు మూడేళ్ళు టైముండింది.

ఇమాంసాబ్ తన వంతు వచ్చినప్పుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా కాలు బ్రేకు కోసం పోయింది సార్. మధ్యలో నిలబడిపోయింది," అన్నాడు. జడ్జిగారు మర్యాదగానే అడిగారు, నిలబెట్టింది ఎవరని. "నేనే సార్. నేనే గానీ, నేను కాదు," అన్నాడు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఇమాంసాబ్ ఆ నవ్వు వైపు చూడలేదు. హనుమంతమ్మ వైపు చూశాడు. ఆమె చంకకర్ర వైపు చూసుకుంటోంది.

నాలుగు నెలలు జైలు. లైసెన్సు రద్దు. జైలు నుంచి వచ్చిన ఇమాంసాబ్ ఇల్లు కదిలేవాడు కాదు. జనవరి వచ్చేసరికి మాత్రం పొద్దున్నే గుట్టకిందపల్లి మలుపు దగ్గర కనిపించాడు. పరిచిన ఉలవకు వంద గజాల ముందు, చేతిలో ఎర్ర తువ్వాలు పట్టుకుని నిలబడి, వచ్చే ప్రతి బండినీ ఆపి చెబుతున్నాడు. "ఉలవ ఉండాది. ఈడనే తగ్గించుకోండి. ఎక్కినాక మీ చేతిలో ఉండదు." లారీల వాళ్ళు పిచ్చోడనుకున్నారు. ఆంజినమ్మ వెళ్ళగొట్టబోయింది. రోడ్డు పక్క మంచమేసుకుని కూర్చున్న హనుమంతమ్మ మాత్రం, "నిలబడితే నిలబడనీలేవే. రోడ్డేమన్నా మనదా?" అందట. అంతకుమించి ఒక్క మాట లేదు. మరుసటి ఏడు కూడా ఆయన వచ్చాడు. ఆమె అప్పుడూ మాట్లాడలేదు.

ఆ రెండో ఏడే, అంటే పోయిన జనవరిలో, అదే మలుపు. కొత్త డ్రైవరు జయరాముడు బస్సు నడుపుతున్నాడు, నేను బానెట్ దగ్గర ఉన్నాను, నోట్లో విజిల్ ఉంది. ఎర్ర తువ్వాలు చూసి వేగం తగ్గించి ఉలవ ఎక్కాం. అవతల నుంచి మోటారు సైకిలు ఒకటి దూకుడుగా వస్తోందని, ఆ పొద్దు ఉలవ మధ్యదాకా వచ్చి రోడ్డు పక్క నిలబడ్డ ఇమాంసాబ్ తువ్వాలు ఊపుతూ ఉలవ మీదుగా అటు పరుగెత్తాడు. మా ముందుకు వచ్చేసరికి కాలు జారింది. బస్సుకు ఎదురుగా పడ్డాడు.

నేను చూశాను. బుగ్గల నిండా గాలి పట్టాను. విజిల్ మోగలేదు.

జయరాముడు స్టీరింగు పక్కకు తిప్పేశాడు. చక్రం ఇమాంసాబ్ భుజానికి జానెడు దూరంలోంచి పోయింది. ఉలవ దాటాక స్టాపులో బస్సు ఆగింది. జయరాముడు స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. నేను దిగి పరుగెత్తాను. ఇమాంసాబ్ లేచి కూర్చుని తువ్వాలుకు అంటిన పొట్టు దులుపుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. నా మొహం వైపు కాదు, నా మెడలో వేలాడే విజిల్ వైపు చూశాడు.

"కింద పడి పైకి చూస్తాంటి. బస్సు ముందర అద్దంలోంచి నువ్వు కనపడితివి. విజిలు నోట్లో ఉండె, బుగ్గలు పొంగిండె. మోగలేదు."

నా చెయ్యి విజిల్ మీదికి పోయింది.

"నీకూ ఆగింది."

"ఆగిందన్నా."

"ఆ పొద్దు కూడా నువ్వు బానెట్ కాడనే ఉంటివి కదప్పా?"

తలూపాను. ఆయన కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. ఆయన మొహం వెలిగింది. ఐదేళ్ళలో ఆ మొహంలో వెలుగు చూడ్డం అదే.

"అయితే నాకు తోచింది నిజమే. నా తల బాగానే ఉండాది," అన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. "రా గంగాధరా. కోర్టు లేదు, కేసు లేదు, నీకు ఏమీ కాదు. ఆ యమ్మకు చెప్పు చాలు. నా కాలు బ్రేకు కోసం పోయిందని చెప్పు. నీ విజిలు కూడా ఆగిందని చెప్పు."

చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకు నడిపించాడు. హనుమంతమ్మ మంచం మీద, చేటలో ఉలవలు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చేట ఆపింది. ఇమాంసాబ్ నాలుగడుగుల ఇవతలే ఆగి, నన్ను ముందుకు తోశాడు. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఏమప్పా?" అంది.

చెబితే ఏమవుతుంది? ఐదేళ్ళు దాచావా, అబద్ధం చెప్పావా, వాణ్ణి జైలుకు పంపావా అంటుంది. ఊరంతా అంటుంది. శశికి తెలుస్తుంది. మాట గొంతు దాకా వచ్చింది. వెనక బస్సులో జనం కేకలు వేస్తున్నారు, జయరాముడు హారన్ కొట్టాడు.

"ఏం లేదక్కా. బాగుండావా అని," అన్నాను.

ఇమాంసాబ్ వైపు చూడకుండా బస్సు దగ్గరికి నడిచాను. ఎక్కాను. రెండు విజిళ్ళు వేశాను. ఆ రెండూ బాగానే మోగాయి.

ఆ తర్వాత ఇమాంసాబ్ ఆ మలుపుకు రాలేదు. ఇంట్లో కూడా కాలు తొక్కడం మానేశాడని రంజాన్ బీ సంతోషంగా చెప్పింది. అందుకే ఇదంతా కూర్చుని రాశాను, ఒక్కటి కూడా దాచకుండా. హనుమంతమ్మకు చదువు రాదు.